మొక్క కొంటున్నారా? దాని ప్రయాణం ఎవరి ఖర్చు మీదో చూసుకోండి

"నా చేతికి మొక్క బతకదండీ. నాది మంచి చెయ్యి కాదేమో!"

ఈ మాట ఒక్కసారైనా అనుకోని ఇల్లాలు ఉండదు. ముచ్చటపడి తెచ్చుకున్న మొక్క పదిహేను రోజుల్లో తలవాల్చేస్తే ఇంట్లో వాళ్లు కూడా ఆ మాటే ఖాయం చేస్తారు. "మా రోజుల్లో కొమ్మ విరిచి గోడ పక్కన పారేసినా చిగురేసేది" అంటారు అత్తగారు. "ఎందుకొచ్చిన దండగ ఖర్చు" అంటారు శ్రీవారు. పోనీ ఆవిడ నీళ్లు పోయలేదా అంటే పోసింది. ఒకపూట కాదు, రెండు పూటలా పోసింది.

అక్కయ్యలూ, చెల్లెళ్లూ! మీ చేతిని తిట్టుకోవడం ముందు మానెయ్యండి. చాలాసార్లు ఆ మొక్క మన గుమ్మంలోకి వచ్చేసరికే సగం ప్రాణంతో ఉంటుంది. వేరు కుళ్లినదో, పురుగు పట్టినదో, నిన్నగాక మొన్న కొమ్మ గుచ్చి ఇంకా వేరే రానిదో మన చేతికొస్తుంది. అలాంటిదాన్ని ఎంత మంచి చెయ్యి మాత్రం ఏం చేస్తుంది? కూరగాయలకు వెళితే వంకాయ ఒక్కొక్కటీ తిప్పి చూసి, బెండకాయ కొస విరిచి చూసి మరీ తెచ్చుకుంటాం. మొక్క దగ్గరికొచ్చేసరికి పచ్చగా ఉంటే చాలు, డబ్బులిచ్చేస్తాం.

ఈ మధ్య మరో సందేహం కూడా వచ్చిపడింది. ఫోనులో వేలు నొక్కితే మొక్క ఇంటికొచ్చేస్తోంది కదా, ఇంకా నర్సరీకి వెళ్లడం దేనికి అని. రెండిట్లో ఏది మేలు? ఈ వారం ఆ సంగతే చూద్దాం. ముందుగా ఒక చిన్న మాట గుర్తు పెట్టుకోండి. నర్సరీ మొక్క అయినా, ఫోనులో కొన్న మొక్క అయినా ఎక్కడి నుంచో ప్రయాణం చేసే వస్తుంది. ఆ ప్రయాణపు బడలిక ఎవరి ఖర్చు మీద తీరుతోంది అన్నదే అసలు తేడా.

మన మొక్కలు ఎక్కడివి?

మన ఊరి నర్సరీ అనగానే అక్కడున్న మొక్కలన్నీ అక్కడే పుట్టి పెరిగాయని అనుకుంటాం. కొన్నే అలాంటివి. మిగతావి లారీల్లో వచ్చినవి. రాజమహేంద్రవరం దగ్గర కడియం పేరు వినని వారుండరు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి - ఆ చుట్టుపక్కల హైవే మీద పోతుంటే రెండు వైపులా నర్సరీలే. గోదావరి కాలువ నీళ్లూ, ఆ లంక మట్టీ, తరాలుగా చేతికొచ్చిన పనీ కలిసి ఆ ఊళ్లకి అంత పేరు తెచ్చాయి. అక్కణ్ణించి రెండు తెలుగు రాష్ట్రాలకే కాదు, పై రాష్ట్రాలకి కూడా మొక్కలు వెళతాయి. కుండీలో పెంచే ఆకుల మొక్కలు పూణే వైపు పాలీహౌసుల్లో పెరిగినవి కూడా మన ఊళ్లకి వస్తున్నాయి.

ఆన్‌లైన్‌లో అమ్మేవారు కూడా ఆకాశంలోంచి తేవడం లేదు. వాళ్లవీ ఇలాంటి తోటల్లోంచి వచ్చినవే. కాబట్టి "ఆన్‌లైన్ మొక్క గొప్ప జాతి, నర్సరీ మొక్క నాటు జాతి" అనే భ్రమ వద్దు.

అయితే తేడా ఎక్కడుందంటే - లారీలో వచ్చిన మొక్కలు నర్సరీలో దిగుతాయి. పచ్చ వల కింద నీడలో ఉంటాయి. ప్రయాణంలో దెబ్బతిన్నవి వారం పది రోజుల్లో అక్కడే వాడిపోతాయి. ఆ నష్టం నర్సరీ అతనిది. తేరుకుని నిలబడ్డ మొక్కని మనం చూసి, ఏరుకుని తెచ్చుకుంటాం. ఆన్‌లైన్ మొక్క అట్టపెట్టెలో నాలుగైదు రోజులు చీకట్లో, కుదుపుల్లో ప్రయాణం చేసి నేరుగా మన చేతుల్లోనే దిగుతుంది. అది తేరుకునేదీ, తేరుకోలేనిదీ మన ఇంట్లోనే, మన డబ్బు మీదనే. పురిటికి వచ్చిన పిల్లలాగా దానికి పదిహేను రోజులు పత్యం పాటించాలి. ఆ ఓపిక ఉంటే కొనుక్కోవచ్చు, తప్పేం లేదు.

నర్సరీలో ఏం చూడాలి?

నర్సరీకి వెళ్లగానే ధర అడక్కండి. ముందు ఈ ప్రశ్న అడగండి. "బాబూ, ఈ లోడు ఎప్పుడు దిగింది?" అని. "పొద్దున్నే దిగిందమ్మా, ఫ్రెష్ మాల్" అని గొప్పగా చెబుతాడు. కూరలకైతే తాజా సరుకు మంచిది. మొక్కలకి మాత్రం దిగి వారం పది రోజులైనదే మంచిది. అప్పటికి బతికేదేదో, వాడేదేదో తేలిపోయి ఉంటుంది. నచ్చిన మొక్క ఆ రోజే దిగిందంటే "పక్కన పెట్టు నాయనా, వచ్చే ఆదివారం వస్తాను" అని చెప్పి రండి.

ఆ తరవాత మొక్కని ఇలా చూడండి.

చిగురు: కొత్త ఆకు ఒక్కటైనా విచ్చుకుంటూ ఉండాలి. ఇరవై పెద్ద ఆకులున్న మొక్క కంటే పది ఆకులూ ఒక చిగురూ ఉన్న మొక్క మేలు. చిగురు వేసిందంటే కింద వేరు పనిచేస్తోందన్న మాట.

ఆకు వెనక వైపు: ఆకు పైభాగం అందరూ చూస్తారు. తిప్పి వెనక చూడండి. ఆకు కాడ మొదట్లో తెల్లటి దూది పింజల్లాంటివి ఉంటే అది పిండినల్లి. ఈనె వెంట గోధుమరంగు పొక్కుల్లా అంటుకుని ఉండి గోటితో గీకితే ఊడొస్తే పొలుసు పురుగు. ఆకు మీద సన్నటి చుక్కలూ, వెనక సాలెగూడు లాంటి దారాలూ ఉంటే ఎర్రనల్లి. ఇలాంటి మొక్క సగం ధరకి ఇచ్చినా వద్దు. అది మీ ఇంట్లో ఉన్న మిగతా మొక్కలకి కూడా అంటిస్తుంది. ఆకు జిగురు జిగురుగా ఉన్నా, కుండీ చుట్టూ చీమలు బారులు కట్టినా అనుమానించాల్సిందే.

మొదలు: కాండం మట్టిని తాకే చోట వేలితో మెల్లిగా నొక్కండి. గట్టిగా ఉండాలి. మెత్తగా అణిగితే లోపల కుళ్లు మొదలైందన్న మాట. స్నేక్ ప్లాంట్‌కీ, జెడ్ జెడ్ ప్లాంట్‌కీ ఈ పరీక్ష తప్పనిసరి. పైన ఆకులు నెల రోజుల దాకా పచ్చగానే ఉండి మోసం చేస్తాయి.

వేరు: కవరు అడుగు తిప్పి చూడండి. కన్నాల్లోంచి తెల్లటి వేళ్లు కొద్దిగా కనబడితే మంచిదే. అడుగంతా వేళ్లు తాడులా చుట్టుకుపోయి ఉంటే ఆ మొక్క చాలాకాలంగా ఆ ఇరుకులోనే ఉందన్న మాట. అది చెడ్డ మొక్క కాదు కానీ, తెచ్చాక పెద్ద కుండీలోకి మార్చాల్సి వస్తుంది. ఆ మట్టీ, కుండీ ఖర్చు కూడా లెక్క వేసుకుని బేరమాడండి.

కొత్తగా గుచ్చిన కొమ్మలు: మొక్కని మొదట్లో పట్టుకుని మెల్లిగా, చాలా మెల్లిగా కదిపి చూడండి. మట్టిలోంచి ఊగుతూ లేచి వస్తుంటే నిన్నో మొన్నో గుచ్చిన కొమ్మే. మామూలు కవరులోంచి తీసి రంగు కుండీలోకి మార్చి, ధర రెట్టింపు చెప్పేవి కూడా కొన్ని ఉంటాయి. వేరు సర్దుకోకుండానే మళ్లీ మన ఇంటికి ప్రయాణం అంటే రెండు దెబ్బలు. కవరులో ఉన్న మొక్కనే కొని, కుండీ విడిగా కొనుక్కోవడం చవకా, మేలూ.

మెరుపులూ, రంగులూ: ఆకులు నూనె రాసినట్టు తళతళలాడుతుంటే తడి వేలితో తుడిచి చూడండి. మెరుపు మందు కొడతారు కొన్నిచోట్ల. చిన్న చిన్న కాక్టస్ మొక్కలకి నీలం, గులాబీ రంగులు పూసి, పైన ఎండుపువ్వు జిగురుతో అంటించి అమ్ముతుంటారు. రంగు పూసిన ఆకుకి వెలుతురు సరిగా అందదు. పిల్లలు మారాం చేసినా అలాంటివి కొనకండి.

ఇంకో మాట. హైదరాబాదులో ఉన్నవారికి నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర నర్సరీ మేళాలు జరుగుతుంటాయి. అక్కడ ఒకే చోట చాలా తోటలవారు వస్తారు కాబట్టి ధరలు పోల్చుకోవచ్చు. అయితే అక్కడి మొక్కలన్నీ అప్పుడే ప్రయాణం చేసి వచ్చినవని మాత్రం మరవకండి. తెచ్చాక నేను కింద చెప్పబోయే పత్యం వాటికీ వర్తిస్తుంది.

ఆన్‌లైన్ ఎవరికి, ఎప్పుడు?

అందరికీ నర్సరీకి వెళ్లే వీలుండదు. మంచంలో ఉన్న అత్తగారిని వదిలి కదల్లేని వారుంటారు. చంటిపిల్లల తల్లులుంటారు. దగ్గర్లో నర్సరీ లేని ఊళ్లుంటాయి. ఉన్నా అక్కడ మందారం, గులాబీ, క్రోటన్ తప్ప ఇంకేం దొరకవు. అలాంటివారికి ఆన్‌లైన్ నిజంగా వరమే. నిందించాల్సిన పని లేదు. కొన్ని జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి.

మొదటిది, కాలం. ఏప్రిల్, మే నెలల్లో, జూన్‌లో వానలు పడేదాకా తెప్పించుకోకండి. మన ఎండల్లో కొరియర్ బండిలో అట్టపెట్టె పొయ్యి మీద గిన్నెలా కాగిపోతుంది. వానలు కుదురుకున్నాక జూలై నుంచి ఫిబ్రవరి దాకా మన వైపు మంచి కాలం. ఢిల్లీ వైపు ఉన్న మన తెలుగువారు మాత్రం డిసెంబరు, జనవరిలలో కూడా ఆగాలి. ఈ ఆకుల మొక్కలు చాలావరకు వేడి దేశాలవి, చలికి ఆకులు నల్లబడతాయి.

రెండోది, వారం. శుక్ర, శనివారాల్లో ఆర్డరు పెడితే ఆదివారం గోడౌనులో పడి ఉండే అవకాశం ఎక్కువ. ఆదివారం రాత్రో, సోమవారం పొద్దున్నో పెడితే వారంలోపు చేరుతుంది. పండుగ సేల్ రోజుల్లో కొరియర్లకి ఊపిరాడదు, ఆ వారం వదిలెయ్యండి.

మూడోది, బొమ్మ చూసి మోసపోకూడదు. మా పక్కింటి పిన్నిగారు ఫోనులో నడుమెత్తు అరెకా పామ్ బొమ్మ చూసి తెప్పించుకున్నారు. పెట్టె విప్పితే జానెడు మొక్క. మొక్క పక్కన సోఫా, దీపం బొమ్మలు పెట్టేసరికి అది పెద్దదనిపిస్తుంది. బొమ్మ కింద రాసిన ఎత్తు ఎన్ని అంగుళాలు, కుండీ ఎన్ని అంగుళాలు అనేది చదవండి. ఇంట్లో టేపు తీసి ఆ కొలత గోడ మీద పెట్టి చూసుకోండి. కొలత రాయని చోట కొనకండి.

నాలుగోది, కొన్నవాళ్లు పెట్టిన ఫోటోలు చూడండి. పొగడ్తలు కాదు, ఫోటోలు. అవి కూడా ఈ రెండు మూడు నెలల్లోవి. తక్కువ మార్కులు ఇచ్చినవాళ్లు ఏం రాశారో అది ముందు చదవండి. "విరిగి వచ్చింది" అని ఒకరిద్దరు రాస్తే కొరియర్ తప్పు కావచ్చు. "వేరు లేదు", "పురుగు ఉంది" అని నలుగురు రాస్తే తోట తప్పు.

అయిదోది, విత్తనాలూ వింత రంగులూ. నీలం గులాబీ విత్తనాలని అమ్ముతుంటారు. గులాబీకి సహజంగా నిజమైన నీలం రంగే లేదు. జపాన్‌లో సంటోరీ అనే కంపెనీ జన్యుమార్పిడి చేసి 2009లో అమ్మకానికి పెట్టిన గులాబీ కూడా చూడ్డానికి లేత ఊదాగానే ఉంటుంది. ఇక కాగితం పొట్లంలో నీలం గులాబీ ఎక్కణ్ణించి వస్తుంది చెప్పండి? ఆకుపచ్చని మొక్కకి నీలం రంగు బొమ్మ కనబడితే చాలు, ఆ దుకాణం దాటిపోండి.

ప్రయాణం తట్టుకునే మొక్కలు కొన్ని ఉన్నాయి. స్నేక్ ప్లాంట్, జెడ్ జెడ్ ప్లాంట్, కలబంద, మనీ ప్లాంట్ - ఇవి మొండి ఘటాలు. జెడ్ జెడ్ ప్లాంట్ కింద దుంపల్లో నీళ్లు దాచుకుంటుంది. మొదటిసారి ఆన్‌లైన్‌లో కొనేవారు వీటితో మొదలు పెట్టండి. ఫెర్న్లు, పీస్ లిల్లీ, పూలతో ఉన్న మొక్కలు నాజూకువి. అవి నర్సరీలోనే చూసి తెచ్చుకోండి. తులసి, మల్లె, మందారం, కరివేపాకు లాంటివి ఆన్‌లైన్‌లో కొనడం అనవసరపు ఖర్చు. నర్సరీలో దొరుకుతాయి. చాలావరకు ఇరుగుపొరుగునే దొరుకుతాయి.

మధ్యేమార్గం కూడా ఒకటుంది. ఇప్పుడు చాలా నర్సరీల వాళ్లకి వాట్సాప్ ఉంది. "ఆ మొక్కదే ఫోటో పెట్టు బాబూ, ఆకు వెనక కూడా తీసి పెట్టు" అని అడిగి, ఆటోలో పంపమనచ్చు. గంటలో ఇంటికొస్తుంది. బాగోలేకపోతే మార్చమని అడగడానికి మనిషి కళ్ల ముందుంటాడు.

లెక్క వేద్దామా?

ఈ అంకెలు ఉదాహరణకే. మీ ఊరి ధరలు వేసుకుని చూడండి.

ఆన్‌లైన్‌లో మొక్క 199 రూపాయలనుకుందాం. మూడు మొక్కలకి 597, కొరియర్ 80. మొత్తం 677. మూడూ బతికితే ఒక్కోటి సుమారు 226 పడింది. ఒకటి పోయి రెండే మిగిలితే ఒక్కోటి 338 రూపాయల యాభై పైసలు.

నర్సరీలో అదే మొక్క 120 అనుకుందాం. మూడింటికి 360, రానూ పోనూ ఆటో 100. మొత్తం 460. మూడూ బతికితే ఒక్కోటి 153. ఒకటి పోయినా 230.

అదే ఒక్క మొక్క కోసమే ఆటో ఎక్కి వెళితే? 120కి ఆటో 100 కలిపి 220 అవుతుంది. ఆన్‌లైన్‌లో 199కి కొరియర్ 80 కలిపి 279. తేడా తగ్గిపోయింది చూశారా! నర్సరీ దూరమై ఆటోకే రెండు వందలయ్యే చోట ఆన్‌లైనే చవక అవుతుంది. కాబట్టి నర్సరీకి వెళ్లేటప్పుడు మట్టి, కుండీ, ఎరువు, రెండు మూడు మొక్కలు - అన్నీ ఒకే ప్రయాణంలో తెచ్చుకునేలా చీటీ రాసుకోండి. పక్కింటావిడతో కలిసి వెళితే ఆటో ఖర్చు సగం. కబుర్లు ఉచితం!

అన్నిటికంటే ముఖ్యం, చూడాల్సింది మొక్క ధర కాదు, బతికిన మొక్క ధర.

పెట్టె వచ్చాక పదిహేను రోజుల పత్యం

మొక్క వచ్చిన రోజే పెట్టె విప్పండి. "సాయంత్రం ఆయన వచ్చాక చూద్దాం" అని వదిలెయ్యకండి. విప్పేటప్పుడు పిల్లల చేత మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయించండి. చెడిపోయి ఉంటే అదే మీకు సాక్ష్యం.

చుట్టిన కాగితాలూ, ప్లాస్టిక్కూ విప్పేయండి. విరిగిన, కుళ్లిన ఆకులు శుభ్రమైన కత్తెరతో తీసెయ్యండి. మట్టిలోకి వేలు ఒక అంగుళం దించి చూడండి. పొడిగా ఉంటేనే నీళ్లు. తడిగా ఉంటే ఆ రోజు చుక్క కూడా వద్దు. దాహమేసిందేమోనన్న జాలితో పోసే నీళ్లే చాలా మొక్కల ప్రాణం తీస్తాయి.

ఎండలో పెట్టకండి. నాలుగు రోజులు చీకట్లో ఉన్న మొక్క, ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషితో సమానం. కిటికీకి నాలుగడుగుల దూరంలో, వెలుతురు పడి ఎండ పడని చోట ఉంచండి. కింది ఆకులు ఒకటి రెండు పండి రాలితే కంగారు పడొద్దు, అది ప్రయాణపు బడలికే. మొదలు మెత్తబడితేనే ప్రమాదం.

రెండు వారాల పాటు ఇంట్లోని పాత మొక్కలకి దూరంగా ఉంచండి. నర్సరీ నుంచి తెచ్చినా ఇంతే. రెండు మూడు రోజులకోసారి ఆకు వెనక చూస్తుండండి. పిండినల్లి ఒకటీ అరా కనబడితే తడి గుడ్డతో తుడిచి, లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. ముందు ఒక ఆకు మీద చల్లి మర్నాడు చూసి, ఆకు మాడకపోతే మిగతా మొక్కకి చల్లాలి.

తెచ్చిన రోజే కుండీ మార్చాలన్న తొందర వద్దు. రెండు వారాలు ఆగండి. మార్చేటప్పుడు పాత కుండీ కంటే రెండు అంగుళాలే పెద్దది చాలు. మరీ పెద్ద కుండీలో మట్టి తడి ఆరక వేరు కుళ్లుతుంది. నర్సరీ మొక్కలు చాలావరకు ఎర్రమట్టి ముద్దలో వస్తాయి. బయట ఎండలో ఆ మట్టి త్వరగా ఆరుతుంది, మన హాల్లో ఆరదు. అందుకని ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు కలిపి, గుప్పెడు ఇసుక, చారెడు వేపపిండి వేసుకుంటే నీళ్లు నిలవవు. కుండీ అడుగున కన్నం తప్పనిసరి.

నెల దాకా ఎరువు వేయకండి. బియ్యం కడిగిన నీళ్లూ, కూరగాయలు కడిగిన నీళ్లూ కూడా చిగురు కనబడ్డాకే. పంచదారతో కాచిన టీ పిప్పి మాత్రం కడక్కుండా వెయ్యకండి, చీమలు పడతాయి.

చెడిపోయి వస్తే ఊరుకోవద్దు

"రెండొందల మొక్కకి గొడవెందుకులే" అని మనలో చాలామంది వదిలేస్తాం. ఆ ఊరుకోవడం మీదే కొందరి వ్యాపారం నడుస్తోంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఆన్‌లైన్ అమ్మకాలకి 2020లో ప్రత్యేకంగా నియమాలు వచ్చాయి. వస్తువు లోపంతో వచ్చినా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోననీ, డబ్బు తిరిగి ఇవ్వననీ అమ్మినవాడు అనడానికి వీల్లేదు. ఫిర్యాదులు చూసే అధికారి పేరు, వివరాలు ఆ సైటులో ఉంచి తీరాలి.

ముందు వాళ్లకే రాయండి. వీడియో, ఫోటోలు, ఆర్డరు నంబరు జత చేయండి. మొక్కల విషయంలో కొందరు ఒకటి రెండు రోజుల గడువే పెడతారు కాబట్టి, కొనేముందే ఆ గడువు ఎంతో చదివి ఉంచుకోండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి. ఆ ఫోనుకి ఖర్చు లేదు. వ్యవహారం పెద్దదైతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. అమ్మినవాడి ఊరు వెళ్లక్కర్లేదు.

నర్సరీలో కొన్నా చీటీ అడిగి తీసుకోండి. "బతక్కపోతే మారుస్తావా?" అని కొనేటప్పుడే అడగండి. మంచి నర్సరీ వాళ్లు ఔననే అంటారు.

గాలిని శుభ్రం చేస్తుందట, నిజమేనా?

ఆన్‌లైన్‌లో ప్రతి మొక్క కిందా "గాలిని శుద్ధి చేస్తుంది" అని రాసి నూరు రూపాయలు ఎక్కువ వేస్తారు. ఈ మాట 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన పరీక్ష నుంచి వచ్చింది. అది మూసేసిన చిన్న పెట్టెల్లో చేసిన పరీక్ష. మన ఇళ్లకి తలుపులూ కిటికీలూ ఉంటాయి కదా! అమెరికాలోనే డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 2019లో అలాంటి పరిశోధనలన్నీ తిరగేసి లెక్క కట్టారు. గాలి మారడం వల్ల జరిగే మేలుకి సాటి రావాలంటే చదరపు మీటరుకి కనీసం 10 మొక్కలు, ఒక్కోచోట 1,000 మొక్కలు కావాలట. అన్ని మొక్కలుంటే మనమెక్కడ ఉంటాం? గాలి బాగుండాలంటే కిటికీ తీయండి. మొక్కని మాత్రం కంటికి చల్లగా ఉంటుందనీ, మనసుకి హాయిగా ఉంటుందనీ కొనుక్కోండి. అది చాలదూ!

పసిపిల్లలున్న ఇళ్లలో

డిఫెన్‌బేకియా, మనీ ప్లాంట్, అగ్లోనిమా, పీస్ లిల్లీ, ఫిలోడెండ్రాన్ - వీటి ఆకుల్లో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలుంటాయి. పాకే పిల్లలు నమిలితే నోరు మండి, నాలుక వాస్తుంది. చేమ ఆకు పచ్చిది నోట్లో పెట్టుకుంటే దురద పుట్టినట్టే. పిల్లికీ కుక్కకీ కూడా అంతే. ఈ సంగతి అమ్మేవాళ్లు సామాన్యంగా చెప్పరు, మనమే అడగాలి. అలాంటి మొక్కల్ని ఎత్తులో పెట్టండి. పాపాయి ఉన్న ఇంటికి స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ లాంటివి ఎంచుకోండి. ఎవరైనా నమిలి నోరు వాస్తే నోరు కడిగించి వెంటనే డాక్టరుకి చూపించండి.

చివరిగా

రోజూ చూసే మామూలు మొక్క అయితే మీ ఊరి నర్సరీలో, లోడు దిగిన వారం తరవాత, చిగురు చూసి, ఆకు తిప్పి చూసి తెచ్చుకోండి. మీ ఊళ్లో దొరకనిదైతే, ఎండలు తగ్గాక, కొలతలు చదివి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని పదిహేను రోజులు పత్యం పెట్టండి. రెండు చోట్లా డబ్బు మనదే, అడిగే హక్కూ మనదే.

ఇంత చూసి తెచ్చినా ఒక్కోసారి మొక్క పోతుంది. అప్పుడు దాన్ని కుండీలోంచి తీసి వేరు చూడండి. నల్లగా మెత్తగా ఉంటే నీళ్లెక్కువయ్యాయి. ఎండి పెళుసుగా ఉంటే నీళ్లు చాల్లేదు. అసలు వేరే లేకపోతే మీకు అమ్మింది మొక్క కాదు, కొమ్మ! కారణం తెలిస్తే రెండో మొక్క దగ్గర మీరే గెలుస్తారు. "నా చెయ్యి మంచిది కాదు" అని మాత్రం ఇక అనకండి. ఇంటిల్లిపాదికీ వండి పెట్టి, పిల్లల్ని పెంచి పెద్ద చేసిన చెయ్యి అది. ఒక మనీ ప్లాంట్ దానికో లెక్కా?

వచ్చే వారం, వేసవిలో ఊరికి వెళ్లినప్పుడు కుండీల్లో తడి ఆరకుండా ఏం చెయ్యాలో చూద్దాం. మీకు తెలిసిన చిట్కాలుంటే రాయండి.